నకలు తుపాకీకి అసలు తంటా!

అది నూట డెబ్భై ఏళ్ల కిందటి రివాల్వర్ కాదు, దానికి నకలు. ఆ నకలుకీ ఇప్పుడు అరవై ఏళ్లు వచ్చేశాయి. అందులో ఓ చిన్న స్ప్రింగు విరిగిందా... దాన్ని వెతుక్కుంటూ అమెరికా నుంచి ఇటలీ కొండలోయల దాకా వెళ్లాల్సిందే!

ఎడారిలో నీళ్లు లేక, చావు తప్పి బయటపడ్డ ఓ బందిపోటు తుపాకుల దుకాణంలోకి అడుగుపెడతాడు. ముసలి యజమాని తన దగ్గరున్న రివాల్వర్లన్నీ బల్లమీద పరుస్తాడు. వచ్చినవాడు వాటిలో ఏదీ ఉన్నదున్నట్టు తీసుకోడు. ఒక్కోదాన్నీ విప్పేస్తాడు. ఒకదాని గొట్టాన్ని కంటికి ఆనించి చూస్తాడు. ఇంకోదాని సిలిండర్‌ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి టకటకమనే చప్పుడు వింటాడు. నచ్చని ముక్కని పక్కన పడేసి, నచ్చినవన్నీ కలిపి బిగించి తనకంటూ ఓ రివాల్వర్ తయారుచేసుకుంటాడు. చివరికి అదే తుపాకీని యజమానికి గురిపెట్టి డబ్బు పట్టుకుపోతాడు. పోతూపోతూ ‘దుకాణం మూశాం’ అనే బోర్డుని ఆ ముసలాయన పళ్ల మధ్య పెట్టి మరీ వెళ్తాడు!

1966లో వచ్చిన సెర్జియో లియోనీ సినిమా ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’లోది ఈ సన్నివేశం. ఇలాంటి సినిమాల ఊపులోనే 1971లో మన కృష్ణ తలమీద టోపీ, నడుముకి రివాల్వరుతో గుర్రమెక్కి ‘మోసగాళ్లకు మోసగాడు’గా తెలుగువాళ్లని మురిపించారు. అది వేరే కథ. ఆ దుకాణం సీను చూసి ప్రపంచమంతా ఈల వేసింది కానీ, ఒక వర్గం ప్రేక్షకులు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలీక తల పట్టుకుంటారు. వాళ్లు ఆ తరహా రివాల్వర్లని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు. ఒకదాని గొట్టం, ఇంకోదాని సిలిండర్, మరోదాని స్ప్రింగు... ఎడాపెడా తీసి బిగిస్తే అతుక్కుపోతాయా? వాళ్లకి ఓ చిన్న స్క్రూ దొరకడానికే తలప్రాణం తోకకొస్తోంది మరి!

మందు వేరు, గుండు వేరు
ఇప్పటి రివాల్వర్‌లో మందు, గుండు, నిప్పు పుట్టించే క్యాపు అన్నీ ఒకే తూటాలో ఉంటాయి. 1850ల నాటి రివాల్వర్లు అలా కాదు. సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో కొలతగా నల్లమందు పోయాలి. దానిమీద సీసపు గుండు పెట్టి, గొట్టం కిందుండే మీటతో దట్టించాలి. వెనకవైపు ప్రతి గదికీ నిపుల్ అనే చిన్న ఉక్కుమొన ఉంటుంది. దానికి రాగి టోపీ తొడగాలి. హ్యామర్ వచ్చి టోపీని కొడితే రవ్వ పుట్టి, మొనలోని సన్నటి రంధ్రం గుండా లోపలికెళ్లి మందుని అంటిస్తుంది. ఢాం అన్న చప్పుడు, దానివెంటే కళ్లు కనపడనంత తెల్లటి పొగ, కుళ్లిన కోడిగుడ్డు వాసన. మన పల్లెల్లో టోపీ పెట్టి పేల్చే నాటుతుపాకీ పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. కాకపోతే దానికి ఒకటే గొట్టం, ఒకటే గుండు.

ఇలాంటి రివాల్వర్‌కి 1836లో పేటెంటు తీసుకుని, మొదటి ఫ్యాక్టరీ దివాలా తీసినా పట్టు వదలకుండా మళ్లీ లేచినవాడు శామ్యూల్ కోల్ట్. ఆయన 1851 నేవీ మోడల్ అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలోనే 2 లక్షలకు పైగా తయారైంది. లండన్‌లో పెట్టిన ఫ్యాక్టరీలో మరో 40 వేలు. దాని సిలిండర్ చుట్టూ ఓ సముద్రయుద్ధం బొమ్మ చెక్కి ఉంటుంది. 1843లో టెక్సస్ నౌకాదళానికీ మెక్సికోకీ మధ్య కంపీచీ దగ్గర జరిగిన యుద్ధం అది. నేవీ అన్న పేరొచ్చింది అందుకే. దీనికి పోటీగా రెమింగ్టన్ కంపెనీ చేసినదాన్ని అందరూ ‘1858’ అంటారు. నిజానికి జనం ఎక్కువగా చూసే రకం 1863 నుంచి వచ్చింది. గొట్టంమీద ముద్రించిన 1858 పేటెంటు తేదీయే పేరుగా స్థిరపడిపోయింది!

1861 నుంచి 65 దాకా అమెరికాని రెండుగా చీల్చిన అంతర్యుద్ధంలో ఈ రివాల్వర్లు లక్షల్లో చేతులు మారాయి. ఆ తర్వాత ఇత్తడి తూటాలొచ్చాయి. పాతవి అటకెక్కాయి.

అటక మీంచి దింపింది 1950లలో. ఉత్తర, దక్షిణ సేనల పేర్లతో జట్లు కట్టి, నాటి తుపాకులతోనే గురిపోటీలు పెట్టుకునే ‘నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్’ 1950లో మొదలైంది. సరదా బానే ఉంది కానీ, వందేళ్ల నాటి అసలు తుపాకుల్ని వారంవారం పేలుస్తుంటే అరగవా? పైగా 1961లో యుద్ధానికి వందేళ్లు నిండబోతున్నాయి. ఆ సందడికి ఎంతమందికి తుపాకులు కావాలి? ఉన్నవెన్ని?

లోయలో పుట్టిన ‘అమెరికా’
ఈ లెక్క అందరికంటే ముందు వేసుకున్న వ్యాపారి వాల్ ఫర్జెట్. న్యూజెర్సీలో నేవీ ఆర్మ్స్ అనే సంస్థ నడిపేవాడు. కోల్ట్ నేవీని అచ్చుగుద్దినట్టు తయారుచేయగల పనివాళ్ల కోసం 1950ల చివర్లో ఆయన వెళ్లింది ఉత్తర ఇటలీకి. బ్రెషా పట్టణానికి ఎగువన, కొండల నడుమ గార్డోనే వాల్ ట్రోంపియా అనే ఊరుంది. అక్కడ ఇనుము, నీరు, కట్టెలు అన్నీ దొరుకుతాయి. తుపాకీ గొట్టాలు చేయడం ఆ ఊరికి తరతరాల విద్య. 1526లో వెనిస్ ఆయుధాగారానికి 185 తుపాకీ గొట్టాలు అమ్మిన బెరెట్టా కుటుంబానిది ఈ ఊరే. అలాంటి చోట పనినేర్చుకున్న ఆల్డో ఉబెర్టీ 1959లో సొంత కంపెనీ పెట్టి, కోల్ట్ నేవీ నకళ్లు చేయడం మొదలుపెట్టాడు. అవి అమెరికాలో వేడివేడి పకోడీల్లా అమ్ముడయ్యాయి. చూసినవాళ్లు ఊరుకుంటారా? 1960ల నుంచి ఆ లోయలోనూ చుట్టుపక్కలా ఇంటికో కొలిమి అన్నట్టు కంపెనీలు పుట్టుకొచ్చాయి. పియెట్టా, ఆర్మీ శాన్ మార్కో, ఆర్మీ శాన్ పావ్లో... పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. బెల్జియంలోని లీజ్ పట్టణంలో మరో కంపెనీ ‘సెంటార్’ గుర్తుతో 1860 ఆర్మీ నకళ్లు చేసింది.

లియోనీ లాంటివాళ్లు ఇటలీ, స్పెయిన్ దేశాల్లో కౌబాయ్ సినిమాలు తీయడం మొదలుపెట్టింది కూడా సరిగ్గా అప్పుడే. అమెరికా కథ, ఇటలీ దర్శకుడు, స్పెయిన్ ఎడారి, గార్డోనే తుపాకీ!

అన్నిటికంటే తమాషా ఏమిటంటే, 1971లో కోల్ట్ కంపెనీయే తన పాత 1851 నేవీని మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. దానికి వాడిన ముడి విడిభాగాలు ఎక్కణ్నుంచి వచ్చాయనుకున్నారు? ఇటలీ నుంచే! వాటిని అమెరికాలో సానబట్టి, బిగించి, కోల్ట్ పేరు వేసి అమ్మారు.

ఇంటిపేరు ఒకటి, పుట్టిల్లు ఒకటి
ఈ నకళ్లలో చాలావాటి కథ ఒకేలా ఉంటుంది. తాతగారో నాన్నగారో 1960లలో పత్రికలో ప్రకటన చూసి డబ్బు పంపితే, తుపాకీ పోస్టులో ఇంటికొచ్చింది. కొన్నాళ్లు పేల్చారు. తర్వాత గుడ్డలో చుట్టి అటకమీద పెట్టారు. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే పిల్లల చేతికి దొరుకుతుంది. హ్యామర్ వెనక్కి లాగితే సిలిండర్ తిరగదు. లేదా తిరిగి, ఆగాల్సిన చోట ఆగదు. ఏదో విరిగింది. ఏ కంపెనీకి రాయాలి?

ఇక్కడే మొదటి చిక్కు. గొట్టంమీద ఉండేది చాలాసార్లు దిగుమతి చేసుకున్న వ్యాపారి పేరు. నేవీ ఆర్మ్స్, లైమన్, సీవీఏ అని ఉంటుంది. ఇవేవీ ఆ తుపాకీని తయారుచేసినవి కావు. ఒకే వ్యాపారి ఈ ఏడాది ఒక కంపెనీ దగ్గర, వచ్చే ఏడాది ఇంకో కంపెనీ దగ్గర కొని, అన్నిటిమీదా తన పేరే వేయించుకునేవాడు. మన దగ్గర పాత మిక్సీ పాడైతే పైనున్న పేరు చూసి సామాను కొనుక్కొచ్చి, తీరా ఇంటికొచ్చాక బిగించబోతే పట్టకపోవడం లాంటిదే.

అందుకని పాత తుపాకుల బాగుచేతలో ఆరితేరినవాళ్లు ముందు భూతద్దం తీస్తారు. మందు దట్టించే మీటని కిందికి దించితే, మామూలుగా కనపడని చోట చిన్నచిన్న ముద్రలుంటాయి. అసలు తయారీదారు ముద్ర అక్కడ దొరకొచ్చు. ఇటలీ చట్టం ప్రకారం ప్రతి తుపాకీనీ ప్రభుత్వ పరీక్షాకేంద్రంలో పేల్చి చూశాకే బయటికి పంపాలి. ఆ పరీక్ష నెగ్గినట్టు వేసే ముద్రలూ ఉంటాయి. ‘పీఎన్’ అంటే ఇటాలియన్‌లో నల్లమందు అని. పక్కనే చిన్న చదరంలో ఉండేది సంవత్సరం. అది మామూలు అంకెల్లో ఉండదు. 1974 దాకా రోమన్ అంకెలు వాడారు. 21 అని ఉంటే 1965 అని అర్థం. 1975 నుంచి అక్షరాలొచ్చాయి. ‘ఏఏ’ అంటే 1975, ‘ఏబీ’ అంటే 76... మధ్యలో కొన్ని అక్షరాల్ని వదిలేస్తూ వెళ్లి 1991కి ‘బీఏ’ దగ్గరికొచ్చారు. జాతకచక్రం చదివినంత ఓపికతో ఇవన్నీ చదివితే తుపాకీ పుట్టిల్లూ, పుట్టిన ఏడూ తేలతాయి.

తేలాక మాత్రం? ఉబెర్టీ, పియెట్టా అయితే నయం. రెండూ ఇంకా నడుస్తున్నాయి. ఉబెర్టీ 2000లో బెరెట్టా గూటికి చేరింది. ఈ రెండింటి విడిభాగాలనీ బొమ్మలతో, నంబర్లతో సహా అమ్మే దుకాణాలు అమెరికాలో ఉన్నాయి. అయితే అదే కంపెనీ, అదే మోడల్ అయినంతమాత్రాన సరిపోతుందని లేదు. యాభై ఏళ్లలో కొలతలు మారాయి. సీఎన్‌సీ యంత్రాలొచ్చాక ఇంకా మారాయి. ఇక ఆర్మీ శాన్ మార్కోలాగా మూతపడ్డ కంపెనీదైతే కొత్త సామాను ఊసే లేదు. బెల్జియం సెంటార్‌దీ అదే గతి. వాటి యజమానులకి మిగిలింది పాత తుపాకుల సంతలు, సగం విప్పి అమ్మకానికి పెట్టిన శిథిలాలు, పాత పనివాళ్ల డ్రాయర్లలో మిగిలిపోయిన చిల్లర సామాను. టెనెసీ రాష్ట్రంలోని యూనియన్ సిటీలో టర్నర్ కిర్క్‌లాండ్ 1954లో మొదలుపెట్టిన డిక్సీ గన్ వర్క్స్ వేసే లావుపాటి కేటలాగు ఇలాంటివాళ్లకి దశాబ్దాలపాటు పెద్దబాలశిక్షలా ఉపయోగపడింది. సామాను కొనకపోయినా దాన్ని చదువుతూ కూర్చునేవాళ్లు బోలెడంతమంది.

కోల్ట్ చెప్పని సంగతి
‘ఒకదాని ముక్క ఇంకోదానికి ఎందుకు పట్టదు? విడిభాగాలన్నీ ఒకే కొలతలో చేయడమే కదా కోల్ట్ గొప్పతనం?’ అని చరిత్ర చదివినవాళ్లు అడుగుతారు. కోల్ట్ ప్రచారం అలాంటిది మరి. 1851లో లండన్ మహాప్రదర్శనలో తన రివాల్వర్లు పెట్టి అందర్నీ నోరెళ్లబెట్టించాడు. ఆ ఏడాది నవంబరులో అక్కడి సివిల్ ఇంజినీర్ల సంఘంలో ఉపన్యసించి, యంత్రాలతో తుపాకులు చేయడం గురించి బ్రిటిష్ వాళ్లకి పాఠం చెప్పాడు. మూడేళ్ల తర్వాత బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఈ సంగతి ఆరా తీసినప్పుడు అసలు గుట్టు బయటపడింది. కోల్ట్ లండన్ ఫ్యాక్టరీలో పర్యవేక్షకుడిగా పనిచేసిన వ్యక్తే, భాగాలు ఒకదాని బదులు ఇంకోటి పట్టవని ఒప్పుకున్నాడు.

జరిగేదేమిటంటే... యంత్రం చేసిన ముక్కల్ని పనివాడు ఆకురాయితో రాస్తూ ఒకదానికొకటి సరిపోయేలా చేసేవాడు. సరిపోయాక గొట్టం, సిలిండర్, చట్రం, ఆఖరికి గొట్టాన్ని పట్టి ఉంచే చీలమీద కూడా ఒకే నంబరు కొట్టేవాడు. తర్వాత అన్నీ విప్పి, కాల్చి గట్టిపరిచి, నంబర్లు చూసుకుని మళ్లీ బిగించేవారు. ఆ నంబర్లు అలంకారానికి కాదు. పిల్లలు తప్పిపోకుండా చేతిమీద పచ్చబొట్టు పొడిపించినట్టు అన్నమాట! ఇవాళ వేలంపాటల్లో నంబర్లన్నీ కలిసిన అసలు కోల్ట్‌కి అంత ధర పలికేదీ అందుకే.

గార్డోనే పనివాళ్లు కోల్ట్‌ని నకలు చేసినప్పుడు ఆ అలవాటునీ నకలు చేసినట్టయింది. 1960లలో చేసిన నకళ్లలో ఆకురాయి పని చాలా ఉంది. అందుకే ఒకే ఏడాది ఒకే కంపెనీలో పుట్టిన రెండు రివాల్వర్ల విడిభాగాలు కూడా సూటిగా మారవు.

విరిగేది పిసరంత
బయటికి అంత గంభీరంగా కనిపించే కోల్ట్ రివాల్వర్ కడుపులో ఉండే కదిలే సామాను గుప్పెడు. హ్యామర్, ట్రిగ్గర్, వాటి స్ప్రింగులు, సిలిండర్‌ని నెట్టే ‘హ్యాండ్’, సిలిండర్‌ని సరైన చోట ఆపే ‘బోల్ట్’. అంతే. హ్యామర్‌ని వెనక్కి లాగుతుంటే హ్యాండ్ పైకి లేచి, సిలిండర్ వెనకున్న పళ్లని నెట్టి ఒక గది మేర తిప్పుతుంది. సరిగ్గా అప్పుడే బోల్ట్ తలుపు గొళ్లెంలా పైకొచ్చి సిలిండర్‌మీది గాడిలో పడాలి. గది, గొట్టం ఒకే వరసలో నిలవాలి.

ఎక్కువగా చచ్చేది స్ప్రింగులు. హ్యాండ్‌కి వెనకాల గడ్డిపరకంత సన్నటి బద్దస్ప్రింగు ఉంటుంది. అది విరిగితే హ్యాండ్‌ని ముందుకు తోసే దిక్కుండదు, సిలిండర్ తిరగదు. బోల్ట్‌కీ ట్రిగ్గర్‌కీ కలిపి రెండు కాళ్ల స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాని ఒక కాలు విరగడం మామూలే. ఒరిజినల్ కోల్ట్‌లకీ ఇదే జబ్బు. నూట డెబ్భై ఏళ్లుగా మందు లేదు!

హ్యాండ్ స్ప్రింగు దొరకనివాళ్లు ఓ ఉపాయం కనిపెట్టారు. ఆడవాళ్లు జుట్టుకి పెట్టుకునే నల్లపిన్ను ముక్క విరిచి, వంచి, దాని స్థానంలో బిగిస్తారు. పనిచేస్తుంది కూడా. ఇల్లాలి డ్రెస్సింగ్ టేబుల్ మీంచి మాయమైన పిన్ను అయ్యగారి తుపాకీలో దొరికిందంటే... చెప్పేదేముంది!

నిపుల్స్‌దీ పెద్ద గొడవే. నల్లమందు కాలాక మిగిలే మసి గాల్లోని తేమని పీల్చుకుంటుంది. వేడినీళ్లు, సబ్బుతో ఆ రోజే కడగకపోతే తెల్లారేసరికి తుప్పు. పాత తుపాకుల్లో నిపుల్ లోపలే బిగుసుకుపోయి, విప్పబోతే విరుగుతుంది. కొత్తది కొందామంటే దాని మరల కొలత తెలియాలి. ఇప్పటి ఉబెర్టీ, పియెట్టా వాటికి చాలావరకు 6 మిల్లీమీటర్ల మందం, మరకీ మరకీ మధ్య 0.75 మిల్లీమీటర్లు. పాతవాటికీ మూతపడ్డ కంపెనీలవాటికీ లెక్క వేరు. అమెరికా కొలతల్లో అలవాటుపడ్డ రిపేరుషాపులో ఇటలీ మిల్లీమీటర్ల స్క్రూ దొరక్క, దగ్గరగా ఉన్నదేదో బలవంతాన తిప్పేసి మరలన్నీ నలిపేసిన కేసులు కోకొల్లలు.

సరిపోయినట్టే ఉండి సరిపోని ముక్కతోనే అసలు ప్రమాదం. నిపుల్ వదులుగా ఉన్నా, రంధ్రం పెద్దదైనా మంట వెనక్కి, పేల్చేవాడి మొహంమీదికి తన్నుతుంది. బోల్ట్ అరిగి సిలిండర్ వెంట్రుకవాసి పక్కకి నిలిచినా, గుండు గొట్టంలోకి సూటిగా వెళ్లక అంచుకి తగిలి సీసం చెక్కులు పక్కకి చిమ్ముతాయి. పక్క వరసలో నిలబడ్డవాళ్ల కళ్లకి ముప్పు. గురిపోటీల మైదానాల్లో కళ్లద్దాలు లేకుండా అడుగు పెట్టనివ్వనిది ఊరికే కాదు.

ఇత్తడి చట్రాలున్న నకళ్లకి ఇంకో తలనొప్పి. చూడ్డానికి బంగారంలా మెరుస్తాయి, ధరా తక్కువ. వాటి వెనకా చరిత్ర ఉంది. యుద్ధంలో ఇనుము కరవైన దక్షిణాది రాష్ట్రాల కోసం జార్జియాలోని గ్రిస్వోల్డ్‌విల్ అనే చోట ఇత్తడి చట్రాలతో దాదాపు 3,700 రివాల్వర్లు చేశారు. చేసినవాళ్లలో ఎక్కువమంది బానిసలు. 1864 నవంబరులో ఉత్తరాది అశ్వదళం వచ్చి ఆ కర్మాగారాన్ని తగలబెట్టింది. ఆ పేరుతో నకళ్లు వేలల్లో అమ్ముడవుతున్నాయి కానీ, ఆ చేతుల గురించి పెట్టెమీద ఒక్క ముక్కా ఉండదు. ఇత్తడి మెత్తన. మందు దండిగా దట్టించి పేలుస్తూ పోతే చట్రం సాగుతుంది, సిలిండర్‌ని మోసే ఇరుసు వదులవుతుంది. అప్పుడు మార్చాల్సింది స్ప్రింగు కాదు, మొత్తం చట్రమే. అంతదాకా వచ్చినదాన్ని బాగుచేసేకంటే విప్పి సామానుకి వాడుకోవడమే మేలంటారు అనుభవజ్ఞులు. సంతల్లో దొరికే పాత స్ప్రింగులూ హ్యామర్లూ చాలావరకు ఇలా ‘పోయినవాటి’వే.

అతుకులు పెరిగితే...
విడిభాగాల వేటకి చీకటికోణమూ ఉంది. నకలు భాగాలు అసలు కోల్ట్‌కి కాస్త రాస్తే పట్టేస్తాయి. విరిగిన అసలు తుపాకీకి నకలు హ్యామర్ వేసి ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పులేదు. చెప్పకుండా అమ్మితే? ఇంకొందరు మరీ ఘనులు. నకలుమీది ఇటలీ ముద్రలన్నీ అరగదీసి, ఆమ్లంతో తుప్పు పట్టించి, పాత నంబర్లు కొట్టి అంతర్యుద్ధం నాటిదని అంటగట్టేస్తారు. అసలుకీ నకలుకీ ధరలో తేడా కొన్నిసార్లు పది రెట్లు, అంతకంటే ఎక్కువా! అందుకే కొనేవాళ్లు స్క్రూ విప్పి మరల కొలత చూస్తారు. మిల్లీమీటర్ల లెక్కలోకి వస్తే అది హార్ట్‌ఫర్డ్‌లో పుట్టలేదన్నమాటే. యజమానుల్ని అంతగా ఏడిపించే ఆ ఇటలీ మరలే దొంగనీ పట్టిస్తాయి.

చట్టాల సంగతీ చిత్రమే. అమెరికాలో 1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టం 1898, అంతకుముందు తయారైనవాటితోపాటు, ఇప్పటి తూటాలు పట్టని ఇలాంటి నకళ్లనీ ‘పురాతన’ కోవలో వేసింది. కేంద్రచట్టం వరకూ వీటికి మామూలు తుపాకుల నిబంధనలు వర్తించవు. కొన్ని రాష్ట్రాల రూల్సు మాత్రం వేరు. బ్రిటన్‌లో 1997లో పిస్తోళ్లు దాదాపుగా నిషేధించినప్పుడు ముందునుంచి మందు కూరే రకాన్ని మాత్రం లైసెన్సుతో ఉంచుకోనిచ్చారు. దాంతో అక్కడి గురిక్రీడాకారులు కొందరు నల్లమందు వైపు మళ్లారు. మన దగ్గర మాత్రం ఎవరూ సరదాపడి ఇలాంటి సామాను తెప్పించుకుందామనుకోవద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలో తుపాకీతోపాటు దాని విడిభాగాలూ ఉన్నాయి.

నాన్న ఆకురాయి
కొత్త నకలు కొన్ని వందల డాలర్లకి దొరుకుతుంది. పాతదాని బాగుచేతకి ఒక్కోసారి అంతకంటే ఎక్కువవుతుంది. ‘మరి కొత్తది కొనుక్కోరాదూ?’ అంటే, మన ఇళ్లలో మూలనపడ్డ చేతక్ స్కూటర్‌ని పాత ఇనుము వాడికి ఎందుకు వేయరో అక్కడా అందుకే.

1970లలో అమెరికాలో ఇవి కిట్లుగా కూడా అమ్మేవారు. పెట్టె విప్పితే సానపట్టని గొట్టం, గరుకు చట్రం, మొరటు చెక్కపిడి ఉండేవి. ఆకురాయితో రాయడం, మెరుగుపెట్టడం, రంగెక్కించడం అన్నీ కొన్నవాళ్లే చేసుకోవాలి. చలికాలం సాయంత్రాలు తండ్రీకొడుకులు గ్యారేజీలో కూర్చుని నెలల తరబడి చేసిన తుపాకులవి. కంపెనీ నకళ్లకే కొలతలు కలవవంటే, వీటి సంగతి చెప్పాలా? చట్రం ఒకవైపు ఎక్కువ రాసుంటారు, పిడి కాస్త వంకరగా ఉంటుంది. బాగుచేసేవాడి దృష్టిలో అవి లోపాలు. కొడుకు దృష్టిలో మాత్రం కాదు. ఇలాంటివి తెచ్చేవాళ్లు ముందే చెప్తారట, ‘లోపల ఏం మార్చినా ఫర్వాలేదు, పైన మాత్రం ఆకురాయి పెట్టొద్దు’ అని.

కొత్త హ్యాండ్ ఎలాగోలా దొరికిందనుకుందాం. అది కావాలనే కాస్త పొడవుగా వస్తుంది. అవసరమైనంత రాసుకోవాలి. రాయడం తేలికే, ఒక్క గీత ఎక్కువైతే మళ్లీ అతికించలేం. తెలిసినవాళ్లు పాత పద్ధతినే నమ్ముతారు. ముక్కని దీపం మసిలో నల్లగా చేసి, బిగించి, హ్యామర్‌ని ఒక్కసారి వెనక్కి లాగి, మళ్లీ విప్పి చూస్తారు. మసి పోయి మెరిసిన చోట రాసుకుంటోందన్నమాట. అక్కడ మాత్రమే రెండంటే రెండుసార్లు ఆకురాయి తగిలిస్తారు. మళ్లీ మసి, మళ్లీ బిగింపు. ఒక్క హ్యాండ్‌కే ఓ పూట పడుతుంది. సిలిండర్ వెనకున్న ఆరు పళ్లూ ఒక్కలా అరగవు కాబట్టి, ఒక గదికి సరిపోయింది ఇంకో గదికి సరిపోకపోవచ్చు.

అప్పుడు కంటికంటే చెవి మేలు. రివాల్వర్‌ని ఖాళీగా, చెవి దగ్గరకి తెచ్చుకుని హ్యామర్‌ని నెమ్మదిగా లాగుతారు, సినిమాలో ట్యూకోలాగే. సగంలో ఒక టక్. బోల్ట్ గాడిలో పడుతూ ఇంకో టక్. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరుతూ మూడోది. చివరి రెండూ దాదాపు కలిసి వినపడాలి. మొదటి గది, రెండు, మూడు, నాలుగు... బాగానే ఉన్నాయి. అయిదోది మాత్రం ఓ వెంట్రుకవాసి ఆలస్యంగా పడింది.

స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్లీ విప్పడం మొదలుపెడతారు.